లేక్ వ్యూ ఇళ్లు, ట్యాంకర్ నీళ్లు



అమెరికాలో మయామీ నగరం పక్కనే, బిస్కేన్ అఖాతంలో ఇండియన్ క్రీక్ అని ఒక చిన్న దీవి ఉంది. చట్ట ప్రకారం అదొక ఊరు. మేయరున్నాడు, కౌన్సిల్ ఉంది, సొంత పోలీసులున్నారు. 2020 జనాభా లెక్కల్లో ఆ ఊరి జనం 84 మంది. మన దగ్గర ఓ మోస్తరు పెళ్లిలో మొదటి బంతికే అంతకన్నా ఎక్కువమంది కూర్చుంటారు. దీవి నడుమ గోల్ఫ్ మైదానం, చుట్టూరా నీటి అంచున ఇళ్లు. పోవడానికీ రావడానికీ ఒకటే వంతెన, దాని మొగదల్లో కాపలా. అమెజాన్ జెఫ్ బెజోస్ 2023లో అక్కడ ఇళ్లు కొన్నాక ఆ ఊరి పేరు ప్రపంచమంతా వినిపించింది. చుట్టం కానివాడు, పిలుపు లేనివాడు ఆ వంతెన దాటలేడు.

హైదరాబాదుకు సముద్రం లేదు. గోల్కొండ సుల్తానులకు బందరు రేవు ఉండేది గానీ అది ఇక్కడికి ఎన్నో రోజుల బండి ప్రయాణం. ఈ ఊరికి నీళ్లంటే చెరువులూ కుంటలే. నీటి ఒడ్డున ఉండాలన్న డబ్బున్నవాళ్ల కోరిక మాత్రం మయామీలో ఎంతుందో మాదాపూర్‌లోనూ అంతే ఉంది. ఆ కోరిక తీర్చుకోవడానికి హైటెక్ సిటీ వాళ్లకు దొరికిన సముద్రం పేరు దుర్గం చెరువు.

జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 వైపు నుంచి వచ్చి కేబుల్ బ్రిడ్జి మధ్యలో నిలబడి చూస్తే ఈ చెరువు సంగతంతా ఒక్క చూపులో అర్థమవుతుంది. వెనక జూబ్లీహిల్స్ గుట్టలు, వాటి మీద దశాబ్దాల కిందటి బంగళాలు. ఎదురుగా ఇనార్బిట్ మాల్, ఐటీసీ కోహెనూర్ హోటలు, మైండ్‌స్పేస్ అద్దాల మేడలు. ఇంకో పక్కన గుట్టల బేగంపేట, కావూరి హిల్స్, అమర్ సొసైటీ, నెక్టార్ గార్డెన్స్, డాక్టర్స్ కాలనీ. ఒక్కో కాలనీ నాలుగడుగులు వేస్తే అయిపోయేంత చిన్నది. వీధికి అటూ ఇటూ ఎత్తైన గోడలు, గేటు పక్కన కుర్చీ, కుర్చీలో వాచ్‌మన్, లోపల రెండు మూడు కార్లు. వీధి చివర నీళ్లు.

నాలుగొందల ఏళ్ల కిందట ఈ నీళ్లు చూసి ఆనందించడానికి కాదు, తాగడానికి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇక్కడి నుంచే పోయేవి. చుట్టూ రాళ్లగుట్టలు మూసేసి ఉండడం వల్ల బయటి కంటికి కనబడేది కాదు. అందుకే దీన్ని రహస్య చెరువు అనేవారు. తర్వాత పర్యాటక శాఖవాళ్లు కూడా ఇంగ్లీషులో సీక్రెట్ లేక్ అనే బోర్డు పెట్టుకున్నారు. ఇప్పుడు సీక్రెట్ ఏమీ లేదు. రోజూ వేల కార్లు దాని మీదుగా పోతున్నాయి.

ఆ గుట్టల గురించి ఒక మాట. హైదరాబాద్ గ్రానైటు రాళ్ల వయసు దాదాపు రెండున్నర వందల కోట్ల ఏళ్లు. ఆ రాళ్లను కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘం పుట్టింది. వాళ్ల లాంటివాళ్ల పట్టుదలతో వారసత్వ సంపదగా గుర్తించిన శిలల జాబితాలో దుర్గం చెరువు చుట్టుపక్కల గుట్టలు కూడా చేరాయి. జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన రాయి మిగలదనుకోండి. జెసిబి వచ్చిన రోజున జాబితా ఎవరి జేబులోనూ ఉండదు. అయినా ఒడ్డున అక్కడక్కడా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు ఇంకా కనిపిస్తాయి. లేక్ వ్యూ ఇళ్లకు అసలు అందం ఇచ్చేది ఆ బండలే.

జనం ఇక్కడికి రావడం మొదలైంది మూడు అలలుగా. మొదటిది జూబ్లీహిల్స్ అల. 1960లలో చల్లగళ్ల నరసింహారెడ్డి అనే ఐఏఎస్ అధికారి చొరవతో హౌసింగ్ సొసైటీ పుట్టి, ఎవరూ పోని రాళ్లగుట్ట మీద ప్లాట్లు వేసింది. అప్పట్లో అక్కడ ప్లాటు కొన్నవాళ్లను చూసి చుట్టాలు నవ్వారట. రెండో అల సైబర్ టవర్స్. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. అంతవరకూ మాదాపూర్ అంటే ఊరి బయట. ఆ తర్వాత పదేళ్లలో ఆఫీసులు, హాస్టళ్లు, 2009లో ఇనార్బిట్ మాల్. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ మహానగరపాలక సంస్థలో కలిసిపోయింది. మూడో అల మెట్రోది, వంతెనది. 2019లో మెట్రో హైటెక్ సిటీకీ, ఆ ఏడాది చివర్లో రాయదుర్గానికీ వచ్చింది. 2020 సెప్టెంబర్ 25న కేబుల్ బ్రిడ్జి తెరిచారు. ఖర్చు 184 కోట్లు, స్తంభానికీ స్తంభానికీ మధ్య 233.85 మీటర్లు. జూబ్లీహిల్స్ నుంచి మైండ్‌స్పేస్‌కు గుట్ట చుట్టూ తిరిగిపోయే బాధ తప్పింది.

కరోనా మూలంగా ఇళ్లలో మగ్గిపోయిన ఊరికి ఆ వంతెన ఒక్కసారిగా బీచ్ అయిపోయింది. మొదటి వారాల్లో పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు నడిరోడ్డు మీదే బండ్లు ఆపి సెల్ఫీలు దిగుతుంటే సైబరాబాద్ పోలీసులకు చెమటలు పట్టాయి. చివరికి వారాంతాల్లో వాహనాలు ఆపేసి వంతెనను నడిచేవాళ్లకే వదిలేశారు. మక్కబుట్టలు కాల్చేవాళ్లు, ఐస్‌క్రీమ్ బండ్లు, బెలూన్లు. రంగు రంగుల దీపాలు కేబుళ్ల మీద మారుతుంటే కింద చెరువులో కూడా మారుతుంటాయి. బోరబండ నుంచి, ఎర్రగడ్డ నుంచి, టోలీచౌకీ నుంచి వచ్చిన కుటుంబాలు రెయిలింగ్ దగ్గర నిలబడి, ఎదుటి ఒడ్డున వెలిగే ఇళ్లను వేలు పెట్టి చూపించుకుంటూ, అది ఏ హీరోదో, ఇది ఏ మంత్రిదో అని తేల్చుకుంటారు. చాలాసార్లు తేల్చింది తప్పే.

ఇండియన్ క్రీక్‌కూ మనకూ తేడా ఇక్కడే ఉంది. అక్కడ వంతెన ఊరిని ఆపుతుంది. ఇక్కడ వంతెనే ఊరినంతా తెచ్చి డబ్బున్నవాళ్ల పెరటి ముందు నిలబెట్టింది. ఒడ్డున ఇళ్లున్న పెద్దమనుషులకు ఇది కొంత ఇబ్బందే గానీ, ఈ నగరానికి జరిగిన మంచి పనుల్లో ఇదొకటని ఒప్పుకోవాలి.

ఒడ్డు మీద పొద్దు ఐదున్నరకే మొదలవుతుంది. వాకింగ్ ట్రాక్ మీద రెండు రకాల నడకలు కనిపిస్తాయి. చేతికి స్మార్ట్ వాచీ కట్టుకుని, చెవుల్లో ఇయర్ బడ్స్ పెట్టుకుని, పదివేల అడుగుల లెక్క తీర్చుకునే ముప్పై ఏళ్లవాళ్ల నడక ఒకటి. రెండోది పెద్దవాళ్లది. రిటైరైన అధికారులు, డాక్టర్లు, కొడుకు డాలస్‌లో, కూతురు బే ఏరియాలో ఉన్నవాళ్లు. వాళ్లకు నడక తక్కువ, మాట ఎక్కువ. "మీవాడికి గ్రీన్ కార్డు వచ్చిందాండీ?" అన్న దగ్గర మొదలై హెచ్1బీ రుసుములు, బీపీ మాత్రలు, చెరువు వాసన దాకా పోతుంది సంభాషణ. వీళ్లందరినీ దాటుకుంటూ మూడో రకం మనుషులు కూడా పోతుంటారు. వాళ్లది వాకింగ్ కాదు, డ్యూటీ. రెండు పెద్ద జాతి కుక్కల్ని గొలుసులతో పట్టుకుని లాక్కుపోతున్న, లేదా వాటి చేత లాగబడుతున్న, పంతొమ్మిదేళ్ల కుర్రాడు. కార్లు కడగడానికి బకెట్‌తో పోయే మనిషి. షేర్ ఆటో దిగి, పైట కొంగు బిగించి, గబగబా నడిచే పనివాళ్లు.

గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర పనావిడ ఒక నంబరు చెప్పాలి. గార్డు దాన్ని మైగేట్ యాప్‌లో నొక్కుతాడు. పైన పద్దెనిమిదో అంతస్తులో అమ్మగారి ఫోన్ టింగుమంటుంది. పనావిడ ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి పోయిందో, ఈ నెల ఎన్ని రోజులు మానేసిందో అన్నీ యాప్‌లో ఉంటాయి. జీతం పెంచమన్నప్పుడు ఆ లెక్కే బయటికొస్తుంది. అమ్మగారికి బాల్కనీ నుంచి చెరువు కనిపిస్తుంది. పనావిడకు కూడా బాల్కనీ కడిగేటప్పుడు కనిపిస్తుంది.

ఈ ఒడ్డున సంబరాలకేం తక్కువ లేదు. వినాయక చవితికి రాయదుర్గం మై హోమ్ భూజా అపార్ట్‌మెంట్లలో లడ్డూ వేలం 2025లో 51.77 లక్షలు పలికింది. అటు రాజేంద్రనగర్ వైపు బండ్లగూడ జాగీర్‌లో కీర్తి రిచ్‌మండ్ విల్లాస్ వాళ్లయితే అదే ఏడాది లడ్డూను 2.32 కోట్లకు తీసుకెళ్లారు. విల్లా యజమానులే గుంపులుగా చేరి పాట పాడుకుంటారు, వచ్చిన డబ్బు సేవా కార్యక్రమాలకు పోతుంది. వేలం లడ్డూకు పేరు తెచ్చిన బాలాపూర్‌లో 1994లో మొదటి పాట 450 రూపాయలు. 2025లో అక్కడ 35 లక్షలు. పాతబస్తీ అంచున ఉన్న పల్లె మొదలుపెట్టిన ఆటలో ఐటీ కారిడార్ దాన్నే దాటేసింది. విగ్రహాలను చెరువులో నేరుగా వేయకుండా పక్కన కట్టిన చిన్న కొలనుల్లో నిమజ్జనం చేస్తారు చాలామంది. ఆ కొలనుల దగ్గర క్రేన్, పోలీసు, మున్సిపల్ సిబ్బంది. బతుకమ్మ పాటలకు మాత్రం క్రేన్ అక్కర్లేదు కాబట్టి అవి ఇంకా ఒడ్డు మీదే సాగుతాయి.

ఇక డబ్బు మాట. రాయదుర్గంలో ప్రభుత్వం 2025 అక్టోబరులో వేలం వేసిన భూమి ఎకరం 177 కోట్లకు పోయింది. గజాల్లోకి మార్చుకుంటే గజం 3 లక్షల 65 వేలు దాటుతుంది. గండిపేటకు ఇవతల కోకాపేటలో 2023లో ఎకరం 100.75 కోట్లు పలికితేనే ఊరంతా నోరెళ్లబెట్టింది. ఇంత ధర పెట్టిన నేల మీద లేచే మేడలో చెరువు వైపు ఫ్లాటుకు వేరే రేటు, రోడ్డు వైపు ఫ్లాటుకు వేరే రేటు. "సార్, పొద్దున లేచి కర్టెన్ తీస్తే చెరువే సార్. ముందు ఇంకేం కట్టలేరు, నీళ్లున్నాయి కదా" అంటాడు బ్రోకరు. అతను అబద్ధం చెప్పడు. కర్టెన్ తీస్తే నిజంగానే చెరువు కనిపిస్తుంది. అతను చెప్పనిది ఏమిటంటే, సాయంత్రం ఐదున్నరకు కిటికీ మూసేయాలి. దోమలు.

దుర్గం చెరువులోకి వానలకు గుట్టల మీది నీళ్లు దిగుతాయి. వాన లేనప్పుడు దిగేవి చుట్టుపక్కల ఇళ్లు, హోటళ్లు, ఆఫీసులు వదిలే మురుగునీళ్లు. మురుగుతో వచ్చే ఎరువు తిని గుర్రపుడెక్క పెరుగుతుంది. అది నీటి మీద ఆకుపచ్చ దుప్పటి కప్పేస్తే కింద చేపకు గాలి ఆడదు, పైన దోమకు మంచి నివాసం. యంత్రాలతో తీస్తారు, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. మియాపూర్ గుర్నాథం చెరువు మీద డ్రోన్లతో దోమల మందు కూడా చల్లి చూశారు. దుర్గం చెరువును బాగుచేయడానికి మైండ్‌స్పేస్ కట్టిన రహేజా సంస్థ, నగరపాలక సంస్థ కలిసి పనిచేశాయి. 2023లో రోజుకు 70 లక్షల లీటర్లు శుద్ధి చేసే మురుగు ప్లాంటు పక్కనే మొదలైంది. నగరం మొత్తానికి 3,866 కోట్లతో తలపెట్టిన 31 ప్లాంట్లలో ఇదొకటి. తేడా తెలిసింది, కాదనలేం. నీటికాకులు, కొంగలు ఒడ్డున కనబడుతున్నాయి. కానీ వాన పడిన మర్నాడు ముక్కు ఉన్న ఎవరికైనా నాలాలు ఇంకా పూర్తిగా ప్లాంటు దారి పట్టలేదని తెలుస్తుంది.

ఇక్కడి జీవితంలో అన్నిటికన్నా వింత ఏప్రిల్ నెలలో కనిపిస్తుంది. బాల్కనీ ఎదురుగా నిండు చెరువు. కింద గేటు దగ్గర హారన్ కొడుతూ నీళ్ల ట్యాంకర్. బోర్లు ఎండిపోయాయి, సంపు అడుగంటింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజీలు మొదలవుతాయి. "ఈ రోజు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి?" "కార్ వాష్ బంద్ చేయండి ప్లీజ్." "టవర్ బి వాళ్లే ఎక్కువ వాడుతున్నారు." కుళాయిలో వచ్చే నీళ్లయినా ఈ చెరువువి కావు. కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వచ్చి చేరాలి. ఒకప్పుడు కోటకు నీళ్లిచ్చిన చెరువు ఒడ్డున ఉన్నవాళ్లు ఎక్కడో నల్గొండ జిల్లా అవతలి నీళ్లు తాగుతున్నారు.

ట్యాంకర్లలో వచ్చే నీళ్లు ఎక్కడివో చాలామంది అడగరు. మాదాపూర్ అంచున సున్నం చెరువు ఉంది. ఆ చెరువు భూమిలోనే బోర్లు వేసి ట్యాంకర్లు నింపి చుట్టుపక్కల హాస్టళ్లకు, ఇళ్లకు అమ్ముతున్నారని 2025లో బయటపడింది. పరీక్ష చేయిస్తే ఆ నీళ్లలో సీసం లాంటి విషలోహాలు ఉండాల్సినదానికన్నా ఎక్కువ తేలాయి. చెరువులో కలిసిన విషం ట్యాంకరెక్కి మళ్లీ వంటింటికే వచ్చిందన్నమాట.

ఇక 2024 సంగతికి రావాలి. అది చెప్పకుండా ఈ ఒడ్డు కథ కుదరదు.

మన పాత రెవెన్యూ లెక్కల్లో శిఖం భూమి అని ఒక మాట ఉంది. చెరువు నిండితే నీళ్ల కింద ఉండే నేల. నీళ్లు వెనక్కి పోయినప్పుడు రైతు అందులో పంట వేసుకోవచ్చు, పట్టా కూడా ఉండొచ్చు, కానీ ఇల్లు కట్టకూడదు. దీనికే ఇంజనీర్లు పెట్టిన పేరు ఎఫ్‌టీఎల్. చెరువు మత్తడి దూకే దాకా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. 2012 నాటి జీవో 168 ప్రకారం, పది హెక్టార్లూ అంతకన్నా పెద్ద చెరువైతే ఆ గీతకు అవతల ఇంకో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ జోన్. అందులో కూడా కట్టడం కూడదు. చదవడానికి తేలిగ్గానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఆ గీత నేల మీద కనిపించదు. వరుసగా నాలుగేళ్లు వానలు సరిగా పడకపోతే నీళ్లు లోపలికి పోతాయి, ఒడ్డు ముందుకు వస్తుంది, వచ్చిన ఒడ్డు మీద రాత్రికి రాత్రి మట్టి పడుతుంది, మట్టి మీద ప్లాట్ల రాళ్లు లేస్తాయి.

2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థ పెట్టింది, కమిషనర్‌గా ఏ.వి. రంగనాథ్ వచ్చారు. ఆగస్టు 24 శనివారం పొద్దున శిల్పారామం దగ్గర తమ్మిడికుంట ఒడ్డున ఉన్న ఎన్ కన్వెన్షన్‌ను కూల్చేశారు. అది సినీనటుడు నాగార్జునది. ఎకరం పైచిలుకు ఎఫ్‌టీఎల్‌లో, ఇంకో రెండెకరాలు బఫర్‌లో ఉన్నాయని అధికారుల లెక్క. అది పట్టా భూమేననీ, చెరువును ఆక్రమించలేదనీ ఆయన మాట. ఎన్నో పెళ్లిళ్లు జరిగిన హాలు మధ్యాహ్నానికల్లా రాళ్లకుప్ప. ఆ దృశ్యాన్ని టీవీల్లో చూసి దుర్గం చెరువు ఒడ్డున ఎంతమంది బీరువా తెరిచి దస్తావేజులు బయటికి తీశారో ఊహించుకోవచ్చు.

తీసి మంచిపనే చేశారు. వారం తిరక్కుండానే రెవెన్యూ అధికారులు వచ్చి ఈ కాలనీల్లో 204 కట్టడాలకు నోటీసులు అంటించారు. ఇది ఎఫ్‌టీఎల్, ముప్పై రోజుల్లో మీరే తొలగించుకోండి అని. నోటీసులు అందుకున్న ఇళ్లలో సాక్షాత్తూ ముఖ్యమంత్రి సోదరుడి ఇల్లు కూడా ఉంది. తాను 2015లో కొన్నాననీ, ఎఫ్‌టీఎల్ సంగతి అప్పుడు తెలియదనీ ఆయన విలేకరులతో చెప్పారు. ఆ ఒక్క విషయంలో ఆయనకూ పక్కింటి డాక్టరుగారికీ తేడా లేదు. హుడా అనుమతి ఉన్న లేఅవుట్ కదా, బ్యాంకు లోను ఇచ్చింది కదా, రిజిస్ట్రేషన్ అయింది కదా, ఇంటి పన్ను కట్టించుకుంటున్నారు కదా, ఇన్నేళ్ల తర్వాత చెరువు మా వంటింట్లోకి ఎలా వచ్చింది అని అడిగారు వాళ్లు. గీత గీయడంలోనే తప్పుందన్నారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది.

వాళ్ల ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ప్లాను మంజూరు చేసిన కార్యాలయం, రిజిస్ట్రేషన్ చేసిన కార్యాలయం, నోటీసు అంటించిన కార్యాలయం, అన్నీ ఒకే ప్రభుత్వానివి. ఒకటి ఇచ్చిన కాగితాన్ని ఇంకొకటి చెల్లదంటే కొన్నవాడు ఎవరిని పట్టుకోవాలి?

అయితే అదే ఏడాది సెప్టెంబర్ 8న సున్నం చెరువు దగ్గర జరిగింది కూడా పక్కన పెట్టుకోవాలి. అక్కడ షెడ్లు, చిన్న చిన్న కట్టడాలు, వాటి మీద బతికేవాళ్లు. పొద్దున యంత్రాలు వచ్చాయి, సాయంత్రానికి నేల చదునైంది. జనం ఇప్పటికే కాపురం ఉంటున్న ఇళ్ల జోలికి పోమని, కొత్తగా కడుతున్నవే కూలుస్తామని హైడ్రా కమిషనర్ ప్రకటించింది ఆ రోజుల్లోనే. ఆ ప్రకటనతో దుర్గం చెరువు కాలనీలు ఊపిరి పీల్చుకున్నాయి. చట్టం ఇద్దరికీ ఒకటే. ఒకరి గుమ్మంలోకి నోటీసుగా వచ్చింది, ఇంకొకరి గుమ్మంలోకి జెసిబిగా వచ్చింది. నోటీసుకూ జెసిబికీ మధ్య ఉండే ఆ ముప్పై రోజుల్లో లాయరును పెట్టుకోగల స్తోమత ఉందా లేదా అన్నదే ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ అసలు తేడా.

గండిపేట వైపు చూస్తే ఇదే కథ ఇంకా పెద్ద అచ్చులో కనిపిస్తుంది. 1908 మూసీ వరద ఊరిని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదకు అడ్డుగా 1920లో గండిపేట చెరువనే ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాటికి వచ్చే నీటిదారులు మూసుకుపోకూడదని 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో, పది కిలోమీటర్ల మేర కట్టడాలు కట్టడి చేశారు. ఆ కాలమంతా అక్కడ ఫామ్‌హౌస్‌లు పుడుతూనే ఉన్నాయి. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. రాబోయే లేక్ వ్యూ అంతా అక్కడే.

నీటి అంచున ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. హుస్సేన్‌సాగర్ కట్టిన 1560ల నుంచీ ఈ ఊళ్లో స్తోమత ఉన్నవాడు నీళ్లు కనబడే చోటే మేడ కట్టుకున్నాడు. కానీ 2020 అక్టోబరు వానలకు పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి కింది బస్తీలు మునిగిన రాత్రుల్లో, చెరువులకు గీత ఎందుకు గీస్తారో చూడాల్సివచ్చింది. నీళ్లు పాత దస్తావేజు చూసుకునే వస్తాయి.

మీలో ఎవరైనా చెరువు ఎదురుగా ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే నాలుగు పనులు చేయండి. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో గ్రామం పేరు, చెరువు పేరు కొట్టి ఎఫ్‌టీఎల్ మ్యాపు తీసుకోండి. అది ప్రాథమిక నోటిఫికేషనో తుది నోటిఫికేషనో చూడండి. తుది కాకపోతే ఆ గీత రేపు మారవచ్చు. సర్వే నంబరు పట్టుకుని పాత పహాణీలో ఆ నేల శిఖమని రాసి ఉందేమో తహసీల్దారు కార్యాలయంలో అడగండి. ఆ ఇంటి మురుగు ఎక్కడికి పోతుందో బిల్డరు చేత పైపు చూపించుకోండి. ఫ్లాటు చూడ్డానికి జనవరిలో కాకుండా ఆగస్టులో, గట్టి వాన పడిన మర్నాడు పొద్దున వెళ్లండి. వెళ్లినప్పుడు బ్రోకరును కాదు, గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడగండి, నీళ్లు ఎందాకా వస్తాయని. అతనికి తెలుసు.